పిల్లి ఒంటి మీది నల్లపొడి

మాచర్ల పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసి ఎనభై మూడులో రిటైరైన అబ్దుల్ రహీమ్, పొద్దున ఎనిమిదింటికల్లా వసారాలో పీట వేసుకుని కూచునేవాడు. గేదెలకీ ఎద్దులకీ ఆసుపత్రి ఉంది. పిల్లుల్ని మాత్రం అందరూ ఆయన కాడికే తెచ్చేవాళ్లు. గుండ్రంగా బొచ్చు రాలితే తామర. ఇంట్లో చిన్నపిల్లల్ని దాని దగ్గరికి రానీయొద్దనేవాడు. చెవుల అంచులు పొక్కు కడితే గజ్జి. నడుమూ తోక మొదలూ గోక్కుని పుండ్లు చేసుకుంటే గెంతే పేలు.

పేలకి ఆయన పరీక్ష ఒకటే. తెల్లకాగితం తడిపి పిల్లి కింద పరిచి, పేలదువ్వెనతో వీపు దువ్వేవాడు. మిరియాల పొడిలా నల్లగా రాలేది. అది పేల పెంట, అవి తాగిన రక్తమే గనక తడి తగలగానే ఎర్రగా కరిగేది. కరిగి, ఆ పిల్లిని ఒళ్లో పెట్టుకున్నవాళ్లు దానితో చెప్పుకున్న మాటలై కాగితం మీద నిలిచేది. పక్కవీధి నూర్ మొహమ్మద్ ఇంటి పిల్లికి ఉర్దూలో, కుడి నుంచి ఎడమకి వచ్చేది. రహీమ్ అవి చదివేవాడు కాదు. కాగితం మడిచి చేతికిచ్చి, మందు చెప్పేవాడు.

రామాయమ్మ తన బూడిదరంగు పిల్లిని బుట్టలో తెచ్చిన రోజున కూడా అంతే చేశాడు.

"గమాక్సిన్ పురుగుమందు పొడి చల్లమాక చెల్లెమ్మా. నాక్కుంటది, చచ్చిపోద్ది. గోరువెచ్చని నీళ్లూ సబ్బు నురగా చాలు. ముందు మెడ చుట్టూ రుద్దు, లేకపోతే పేలన్నీ మొహంలోకి ఎక్కుతాయి. అది పడుకునే గోనె మరిగే నీళ్లలో వేసి ఎండలో పడెయ్. వారానికోసారి, నెలన్నర."

రామాయమ్మ తలూపి, వీధి మలుపులో కాగితం విప్పింది. 'పదో తారీకు సోమవారం సత్తెనపల్లి పోతున్నా. అన్నయ్య చేలో గది ఉంది. ఇంక రాను.'

ఆ మాటలు ఆమె భర్త బ్రహ్మానందానివి. నాటకాలకి హార్మోనియం వాయించే మనిషి. ఆరేళ్ల కిందట గురజాలలో రామాయమ్మ తండ్రి పోతే, సాగర్‌లో నాటకం ఒప్పుకున్నానని మూడో రోజుకి గాని రాలేదు. "ఇంక నాతో మాట్లాడమాక" అంది రామాయమ్మ. ఆయన మాట్లాడలేదు. ఆమె కంచం పెట్టేది, ఆయన తినేవాడు. ఆమె లోపల పడుకునేది, ఆయన వసారాలో. ఆరేళ్లలో ఆమె ఆయన మాట విన్నదంటే ఈ కాగితం మీదే.

ఇంకా ఏం చెప్పాడో తెలుసుకోవాలనిపించింది. ఆమె పిల్లికి నీళ్లు పోయలేదు. గోనె ఎండెయ్యలేదు. రెండు రోజులాగి మళ్లీ తెచ్చింది.

'మీ అమ్మకి మోకాళ్ల నొప్పులు. బావి కాడ వంగలేకపోతంది. నేను తోడితే ఏమనుకుంటదో.' పిల్లికి అమ్మంటే రామాయమ్మే.

ఇంకో రెండు రోజులకి మళ్లీ.

'మాట్లాడొద్దంది తను గదా. ముందు పలకరించాల్సింది కూడా తనే. కాదంటావా?'

ఆ కాగితం ఆమె నాలుగుసార్లు చదువుకుంది. అక్కడితో ఆగలేకపోయింది. ఆదివారం నాలుగోసారి బుట్ట దించేసరికి, పిల్లి నడుం మీద చర్మం పచ్చిగా ఉంది. దువ్వెన ఆనించగానే అరిచింది. రహీమ్ దువ్వెన పక్కన పెట్టేశాడు.

"నీళ్లు పోశావా?"

ఆమె బుట్ట దగ్గరికి లాక్కుంది.

"ఏం చదువుకుంటున్నావో నాకు తెలవదు, తెలవక్కర్లేదు. దాని ఒళ్లు పోస్టు డబ్బా కాదమ్మా. చానా బాధపడతంది."

రామాయమ్మ పిల్లిని ఒళ్లోకి తీసుకుంది. అది ఆమె చేతిలోనే వణుకుతూ వెనక్కి తిరిగి నడుం కొరుక్కోబోయింది. ఆమెకి సిగ్గేసింది. కొత్త కాగితం అడగలేదు.

మర్నాడు మూడో తారీకు. గోనె మరిగించి ఎండేసింది. పెరట్లో గంగాళం పెట్టి పిల్లిని దించింది. అది నాలుగు కాళ్లూ గంగాళం అంచుకి తన్నిపెట్టి, ఆమె మోచేతి దాకా రక్కింది. ఒక చేత్తో పట్టుకుంటే రుద్దటానికి రెండో చెయ్యి చాల్లేదు. బ్రహ్మానందం గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఎంతసేపటి నుంచి చూస్తున్నాడో.

రామాయమ్మ తల ఎత్తకుండా అంది. "కాళ్లు పట్టుకో."

ఆయన గొంతు ఆరేళ్ల తర్వాత కాస్త జీరగా వచ్చింది. "ఎవరియి?"

"పిల్లియి."

ఆయన పంచె ఎగగట్టి వచ్చి గొంతుక్కూచున్నాడు. ముందు కాళ్లు రెండూ ఒక చేత్తో, వెనక కాళ్లు రెండూ ఇంకో చేత్తో పట్టుకున్నాడు. ఆమె మెడ చుట్టూ నురగ రుద్దింది. తర్వాత వీపు. పుండ్ల మీద వేళ్లు తేలిగ్గా ఆనించింది. పేలు గుంపులుగా నీళ్లలోకి రాలాయి. అవి ఇంకేం తాగి ఉన్నాయో ఆమె చూడలేదు.

"పేల గుడ్లు ఒక్కసారికి చావవంట," అంది. "పై సోమవారం మళ్లీ పోయాలన్నాడు రహీమ్ అన్న."

"పై సోమవారమా? పదో తారీకా?"

"ఆ. ఆ తర్వాత సోమవారం కూడా. నా ఒక్కదాని వల్ల కాదు."

బ్రహ్మానందం పిల్లి కాళ్లు వదలకుండానే మోచేత్తో నీళ్లు తాకి చూశాడు.

"పై వారం ఇంత వేడి పెట్టమాక," అన్నాడు. "నీళ్లు నేను తోడతాలే."