గిటారు కడుపులో దారం

“ఏమేవ్, కాస్త చేతిసాయం చెయ్యవూ” అని మా ఆయన పిలిచాడంటే, ఆ పని మొత్తం నేనే చెయ్యాలని అర్థం. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ భాష తెలియక, సాయమంటే ఓ చెయ్యి వేసి వచ్చెయ్యడమే కాబోలు అనుకునేదాన్ని. ఇప్పుడు రాటుదేలిపోయాను. ఆ మాట వినపడగానే పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, కళ్లజోడు వెతుక్కుంటాను. ఆయన ఎప్పుడైనా ఓ ఉల్లిపాయ తరిగిపెడితే అదీ చేతిసాయమే. కాకపోతే ఆ సాయం గురించి మా అత్తగారు వచ్చేపోయేవాళ్లందరికీ వారం రోజులు చెబుతుంది. “మావాడికి భేషజం లేదమ్మా, పెళ్లానికి వంటింట్లో కూడా సాయం చేస్తాడు” అని. ఆవిడకి చెవుడు కాబట్టి ఆ చెప్పడం కూడా వీధి చివరిదాకా వినపడుతుంది. నేను చేసే సాయం గురించి మాత్రం ఇంట్లో ఎవరూ నోరెత్తరు. ఎత్తితే షాపు పరువు పోతుందట.

మాది ఇంటి ముందుగదిలో రిపేరు షాపు. మైకులు, స్పీకర్లు, యాంప్లిఫయర్లు బాగుచేస్తాం. ఆయన్ని అందరూ మైకు డాక్టరు అంటారు. డాక్టరుగారు కౌంటర్లో కూర్చుని రోగం ఏమిటో కనుక్కుంటాడు, నాలుగు ధైర్యం మాటలు చెబుతాడు, “రేపు రండి, చేసి ఉంచుతాను” అంటాడు. తర్వాత సామాను కర్టెన్ వెనక్కి వస్తుంది. కర్టెన్ వెనక ఓ బల్ల, దీపం, సోల్డరింగ్ ఐరన్, నేను. నా వీపు వెనకే వంటిల్లు. ఆపరేషన్లన్నీ నర్సు చేస్తుంది, పేరు మాత్రం డాక్టరుగారిది.

ఉన్నమాట చెప్పుకోవాలి, ఈ విద్య నాకు నేర్పింది ఆయనే. పెళ్లయిన మొదటి ఏడాది ఇదే బల్ల దగ్గర నా మణికట్టు పట్టుకుని, “సీసాన్ని కాదు, వైరుని వేడిచెయ్యి. వైరు వేడెక్కితే సీసం దానంతటదే వచ్చి అంటుకుంటుంది” అని ఎంత ఓపిగ్గా చెప్పాడో! ఆ రోజుల్లో ఆయనంటే నాకు ప్రాణం. తర్వాత పార్టులు చిన్నవైపోయాయి, ఆయనకు కబుర్లు పెద్దవైపోయాయి. మనుషులతో మాట్లాడటం ఆయనకిష్టం, నోరులేని సామానుతో కూర్చోవడం నాకిష్టం, బాగానే కుదిరింది అనుకున్నాను. “ఎవరు చేశారండీ, అద్భుతం!” అని ఎవరైనా అంటే ఆయన “నేనే” అనేవాడు. నేను కర్టెన్ వెనక నవ్వుకునేదాన్ని. ఒకసారి బ్యాండువాడొకడు ఆయన రెండు చేతులూ కళ్లకద్దుకున్నాడు. అప్పుడే నేను కాలిన వేలికి తడిగుడ్డ చుట్టుకుని టీ తీసుకొచ్చాను. “అమ్మగారు అదృష్టవంతులు సార్” అన్నాడతను. “ఆవిడకేం, ఇంటిపట్టున హాయిగా ఉంటుంది” అన్నాడు ఈయన. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

అలా ఉండగా ఓ రోజు పొద్దున్నే గిటారు టీచరు వచ్చింది. సంగీతం స్కూల్లో పాఠాలు చెబుతుందట. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుని, కాళ్లకు బూట్లు వేసుకుని, గిటారు పెట్టెను నిద్రపోతున్న పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చింది. నేను కర్టెన్ సందులోంచి చూశాను. మామూలు ఎలక్ట్రిక్ గిటారు నిండు చెక్కగా ఉంటుంది, వెనకో మూత ఉంటుంది, మూత విప్పితే వైర్లు కనపడతాయి. ఇది అలాంటిది కాదు. లోపలంతా బోలు. వెనక మూత లేదు. ముందువైపు అటూ ఇటూ రెండు వంకర చీలికలున్నాయి, అంతే. మీటలూ స్విచ్చులూ వైర్లూ అన్నీ ఆ కడుపులోనే ఉంటాయి. ఏది బయటికి రావాలన్నా, లోపలికి పోవాలన్నా ఆ చీలికలోంచే.

“హోరు పెడుతోందండీ. పాట మధ్యలో గొంతు పోతోంది” అంది ఆవిడ. “ఇద్దరికి చూపించాను. ఇద్దరూ వెనక కోసెయ్యాలన్నారు. కొయ్యనివ్వను. పెళ్లికి ముందు నుంచీ నా దగ్గరుంది. మొగుడు వెళ్లిపోయాడు గానీ ఇది వెళ్లలేదు.”

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

“కొయ్యడమెందుకు టీచరుగారూ, నేను చేసిపెడతానుగా” అన్నాడు మా ఆయన ధీమాగా.

“చేస్తే మంచిదే. మా స్కూల్లో ఓ గదినిండా మూగపోయిన సామాను పడుంది. వారం వారం వచ్చి చూసుకునే మనిషి కావాలి. దీన్ని కొయ్యకుండా బాగుచేసినవాళ్లకే ఆ పని అప్పజెప్పమని ప్రిన్సిపాలు నా మీద పెట్టారు. బల్లా కుర్చీ అన్నీ ఉన్నాయి. కిటికీ పక్కనే, వెలుతురు బాగా వస్తుంది.”

కిటికీ అనగానే కర్టెన్ సందుకి ఇంకాస్త దగ్గరగా జరిగాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకా గది కావాలనిపించింది. చీరో నగో కావాలనిపించినట్టు కాదు, ఆకలేసినట్టు. వీపు వెనక కుక్కరు కూతలు లేకుండా, “ఇంకా కాలేదా” అనే కేకలు లేకుండా, పగటి వెలుతుర్లో కూర్చుని పని చేసుకోవడం. తలెత్తితే చెట్టో, మనుషులో, ఏదో ఒకటి కనపడటం. కానీ ఏం జరుగుతుందో కూడా నాకు తెలుసు. ఆ పని డాక్టరుగారికే వస్తుంది. ఆయన స్కూలుకు వెళ్లి, అందరితో టీ తాగి, కబుర్లు చెప్పి, సామాను ఆటోలో వేసుకొస్తాడు. అదంతా కర్టెన్ వెనక్కి చేరుతుంది. నా కిటికీ అక్కడే ఉండిపోతుంది. బాగా పనిచేసిన కొద్దీ నాకు దక్కేది ఇంకాస్త చీకటే కదా అని ఒళ్లు మండిపోయింది.

“సరే, రేపు రండి” అన్నాడు ఈయన.

“రేపు కాదండీ. ఇక్కడే కూర్చుని చూస్తాను. ఏమీ అనుకోకండి. ఇదివరకు ఇచ్చినచోట గీతలు పెట్టి ఇచ్చారు” అంటూ ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుంది.

మా ఆయన కర్టెన్ వైపు ఓసారి చూశాడు. కాదంటే బేరం పోతుంది. కౌంటరు మీద గుడ్డ పరిచాడు. స్పానర్ తీసుకున్నాడు. పక్కన వైరు గుచ్చే జాక్ దగ్గర నట్టు తిప్పడం మొదలెట్టాడు. నేను కర్టెన్ వెనక ఊపిరి బిగబట్టి, “దారం కట్టండి, ముందు దారం కట్టండి” అని మనసులోనే మొత్తుకుంటున్నాను. పైజామాకి బొందు ఎక్కించిన ఆడదానికెవరికైనా ఇది తెలుస్తుంది. బొందు కొస ఒకటి చేతిలో పెట్టుకోకుండా వదిలేస్తే లోపలికి జారిపోతుంది, మళ్లీ బొందంతా లాగి మొదట్నించీ రావాల్సిందే. మా ఇంట్లో పైజామాలు ఆయనవే, బొందులెక్కించేది నేను. ఆయనకెలా తెలుస్తుంది? నట్టు ఊడింది. టక్! జాక్ గిటారు కడుపులో పడింది.

ఆయన గిటారును ఎత్తి, తలకిందులు చేసి, గిలక్కాయ ఊపినట్టు ఊపాడు. లోపల గలగలలాడింది. టీచరుగారు గిటారు కోసం రెండు చేతులూ చాపింది. “నెమ్మదిగా అండీ! నెమ్మదిగా!” అని లేచి నిలబడింది.

“ఏమేవ్!” అని కేకేశాడు మా ఆయన. “కాస్త చేతిసాయం చెయ్యి. దీన్ని లోపలికి తీసుకెళ్లి, ఆ పెద్ద మిషన్లో పెట్టు.”

ఏ పెద్ద మిషను? మా ఇంట్లో ఉన్న పెద్ద మిషను బట్టలుతికేది ఒక్కటే. కర్టెన్ తీసి నిలబడ్డాను. ఆయన కనుబొమలతో ‘లోపలికి, లోపలికి’ అని సైగ చేస్తున్నాడు. నిజానికి అది తేలికే. గిటారు తీసుకుని లోపలికి వెళ్తే చాలు, పావుగంటలో చేసి పంపగలను, ఆయన “మిషన్లో పెట్టగానే సర్దుకుంది” అంటాడు, ఆవిడ నమ్ముతుంది. ఆయన పరువూ దక్కుతుంది, బేరమూ దక్కుతుంది. ఇన్నేళ్లూ అలాగే కదా దక్కించాను! కానీ ఆ గిటారు ఆవిడ చేతుల్లోకి వెళ్లిపోయింది. భయంతో దాన్ని గుండెకు హత్తుకుని నావంక చూస్తోంది. ఈ మనిషికి అబద్ధం చెప్పి దీన్ని కర్టెన్ వెనక్కి ఎలా తీసుకెళ్లను? అంతకన్నా, నేనెందుకు తీసుకెళ్లాలి?

“మిషనేం అక్కర్లేదండీ. ఇక్కడే చేస్తాను” అన్నాను. “మీరు కొంచెం పక్కకి జరగండి.”

ఆయన జరిగాడు. 

లోపల్నించి సోల్డరింగ్ ఐరన్, పనిముట్లు తెచ్చుకుని, ఆవిడ చేతుల్లోంచి గిటారు అందుకుని గుడ్డ మీద పడుకోబెట్టాను. “టీచరుగారూ, హోరు వచ్చినప్పుడు తీగలు పట్టుకుంటే తగ్గుతోందా?”

“లేదు.”

“ఇదిగో, ఇక్కడ జాక్ ఉన్నప్పుడు దాని ఇనుమును పట్టుకుంటే?”

ఆవిడ ఆలోచించింది. “అవును, అప్పుడు తగ్గుతోంది! నేనెప్పుడూ దాని గురించి ఆలోచించలేదు.”

“అయితే తీగలకు ఎర్త్ వైరు తెగిపోయింది. భయం లేదు.”

తీగలు వదులు చేసి, వాటి కిందుండే చెక్కముక్క జారకుండా టేపు అంటించాను. చిన్న అద్దాన్ని చీలిక దగ్గర పెట్టి చూస్తే జాక్ కనపడింది. ఓ వైపు సోల్డరింగ్ కూడా ఊగులాడుతోంది. గొంతు పోయేది అందుకే. పక్కన జాక్ ఊడిన బెజ్జంలోంచి సన్నటి ఇనుప తీగ దోపి, దాన్ని చీలికలోంచి బయటికి లాగాను. దాని కొసకి గట్టి దారం కట్టి వెనక్కి లాగితే, దారం ఓ కొస బెజ్జం బయటా, ఓ కొస చీలిక బయటా నిలిచింది. అప్పుడు పట్టకారుతో జాక్‌ని చీలికలోంచి మెల్లగా పైకి తెచ్చాను. ఈసారి పొయ్యి కట్టెయ్యడం మర్చిపోయాను, ఆ క్షణంలోనే లోపల్నించి పాలు మాడిన వాసన, వెంటనే మా అత్తగారి కేక.

“పాలు పొంగుతున్నాయే! ఎక్కడ చచ్చావ్?”

మామూలుగా అయితే ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తేదాన్ని. చేతిలో జాక్ ఉంది. వదిలితే మళ్లీ కడుపులోకి పోతుంది.

“ఏవండీ, పాలు” అన్నాను తలెత్తకుండా.

ఆయన ఓసారి నావంకా, ఓసారి టీచరుగారివంకా చూసి, లోపలికి వెళ్లాడు. గిన్నె దింపిన చప్పుడు, “అబ్బా, కాలింది” అన్న మాట వినపడ్డాయి.

సోల్డరింగ్ మళ్లీ పెట్టాను. జాక్‌కి కొత్త ఎర్త్ వైరు కలిపి, దాని రెండో కొసని కింద తీగలు తగిలించే ఇనుప పట్టీ దాకా తీసుకెళ్లాను. ఇప్పుడు దారానికి జాక్‌ని కట్టి బయటి నుంచి మెల్లగా లాగుతుంటే, అది చీలికలోంచి లోపలికి దిగి, చీకట్లో దారి వెతుక్కుని, బెజ్జంలోంచి తల బయటపెట్టింది. నట్టు బిగించాను. టీచరుగారు గట్టిగా ఊపిరి వదిలింది. నేనూ వదిలాను.

తీగలు శ్రుతి చేసుకుని ఆవిడ వాయించింది. ఎంత బాగుందో నాకు చెప్పడం రాదు. స్వరానికీ స్వరానికీ మధ్య హోరు లేదు, అక్కడ వట్టి నిశ్శబ్దం ఉంది, ఆ నిశ్శబ్దం నా చేతిపని. నేను బాగుచేసిన సామాను ఎవరైనా వాయిస్తుంటే ఎదురుగా నిలబడి వినడం నాకదే మొదలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆపుకోలేదు.

ఆవిడ వాయించడం ఆపి నన్నే చూస్తూ అడిగింది. “ఇక్కడ రిపేర్లన్నీ మీరేనా చేసేది?”

మా ఆయన అప్పుడే చేతికి తడిగుడ్డ చుట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన చూపు నాకు తెలుసు. అందులో బెదిరింపు లేదు, బతిమాలడమూ లేదు, వట్టి అలవాటు. ‘ఆయనే చేస్తారండీ, నేను ఊరికే పక్కనుంటాను’ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎన్నిసార్లు అన్నానో ఆ మాట, దానంతటదే వచ్చేస్తుంది. మింగేశాను.

“అవునండీ, నేనే” అన్నాను. అప్పుడే మాడిన పాలగిన్నె పట్టుకుని అత్తగారు ఆయన వెనకే వచ్చింది.

“ఏవిటే? ఏవిటి నువ్వే?” అంది, సగమే వినపడి.

“రిపేర్లండీ అత్తయ్యా! షాపులో రిపేర్లన్నీ చేసేది నేనే అంటున్నాను!” ఆవిడకు వినపడాలంటే అరవాల్సిందే కదా, అరిచాను. ఎదురింటి మేడ మీద బట్టలారేస్తున్న ఆవిడ వంగి చూసింది. పక్క టైలరు మిషను ఆగిపోయింది.

మా ఆయన మొహం ఎర్రబడింది. కౌంటరు అద్దం మీద లేని దుమ్ము తుడిచాడు. “అవును టీచరుగారూ, ఆవిడే” అన్నాడు మెల్లగా. “నేను మొదట్లో నేర్పానంతే. ఇప్పుడు నాకంటే బాగా చేస్తుంది.” ఆ మాటకి, ఎన్నాళ్లకో, ఆయన మీద నాకు ప్రేమ పుట్టింది. ఈ మాట చెప్పడానికి ఇన్నేళ్లా అని కోపమూ వచ్చింది. రెండూ కలిసే వచ్చాయి.

“అయితే సోమవారం స్కూలుకు మీరు రావాలి” అంది టీచరుగారు నాతో.

“దానికేం భాగ్యం, తప్పకుండా పంపిస్తాను” అన్నాడు మా ఆయన, పోయిన ఉత్సాహం తిరిగొచ్చి.

మంచిగానే అన్నాడు, చిరునవ్వుతోనే అన్నాడు. కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది. అత్తవారింటికి నన్ను మా నాన్న పంపించాడు. పుట్టింటికి వెళ్లాలంటే అత్తగారు పంపించాలి. చెల్లెలి కాన్పుకి పంపించారు, పెద్దమ్మ పోతే పంపించలేదు. పుట్టి బుద్ధెరిగాక నేను ఫలానా చోటికి వెళ్లానని ఎవరూ అనగా వినలేదు. పంపించారనే అన్నారు. స్పానర్ కౌంటరు మీద పెట్టి, టీచరుగారి వైపు తిరిగాను.

“ఎవరూ పంపించక్కర్లేదండీ. నేనే వస్తాను.”