కింది వాక్యం

"ఇవాళ్టి మాట ఏంటి?"

ఉదయ్‌కుమార్ వంటింటి గుమ్మంలో నిలబడి అడిగేసరికి దీవెన ఇడ్లీ పిండి కలుపుతోంది. ఆయన ఒక చేతిలో కాఫీ గ్లాసు, ఇంకో చేతిలో ఫోను. స్నానం చేసి, తల దువ్వుకుని, ఎవరూ చూడని వాయిస్ మెసేజీకి కూడా తెల్లచొక్కా వేసుకుని ఉన్నాడు.

"పిండి గురించి చెప్పండి," అంది దీవెన, గిన్నెలోంచి తల ఎత్తకుండానే. "రాత్రంతా ముసురు కదా, పొంగలేదు. పొంగలేదని పారబోస్తామా? పొయ్యి పక్కకి, కాస్త వెచ్చని చోటుకి జరుపుతాం. దేవుడూ అంతే, పొంగని మనిషిని పారెయ్యడు, వెచ్చని చోటుకి జరుపుతాడు."

ఉదయ్‌కుమార్ కళ్ళు మూసుకుని ఒకసారి పెదాలతో అనుకున్నాడు. ముందు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. "ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ ఉదయకాలమున..." అని చర్చిలో వాడే ఆదివారం గొంతు మొదలైంది. దీవెన ఇడ్లీ రేకులు కుక్కర్లో పెట్టి, అత్తగారి బీపీ మాత్ర తీసి గట్టు మీద ఉంచింది. ఆ మాట కాలవ గట్టు మీది ఇళ్ళకీ, నిడదవోలుకీ, తణుకుకీ, అక్కణ్ణుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళ దాకా వెళ్ళిపోతుంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు చెప్పులు వేసుకుంటూ ఆగి, "అయ్యగారండీ, ఆ పిండి మాట మా ఇంట్లోకి తొంగిచూసి చెప్పినట్టే ఉందండీ," అంటారు. ఆయన తల వంచి, "అంతా ఆయన కృపమ్మా," అంటాడు. ఆ వేళకి దీవెన వెనకవైపు పంపు దగ్గర ప్రభువు బల్ల ద్రాక్షరసం గ్లాసులు కడుగుతూ ఉంటుంది.

ఒకసారి మాత్రం నవ్వుతూనే, భోజనాల దగ్గర, "ఆ చింతపండు మాట నేను చెప్పిందే కదండీ," అంది. అత్తగారు బేబమ్మ కూర వడ్డించుకుంటున్నదల్లా గరిటె ఆపి, "పేరెవరిదైతే ఏంటమ్మా, మహిమ దేవుడిది," అంది. నిజమే. దీవెనకి పేరు అక్కర్లేదు కూడా. ఆమెకి దేవుడంటే భయం కంటే ఇష్టమే ఎక్కువ. వరి ఊడ్పులకీ కోతలకీ కూలికి వెళ్ళే ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన పిల్ల ఆమె. బస్సు పాసు చేత్తో పట్టుకుని, రోడ్డు మీద నిలబడి, మనసులో దేవుడితో కబుర్లు చెప్పుకుంటూ చదివిన చదువు. ఆ కబుర్లే ఇప్పుడు ఇంటింటికీ వెళుతున్నాయి. మంచిదే. కాకపోతే ఒక్కోసారి అంట్లు తోముతుంటే అనిపిస్తుంది, మహిమ దేవుడిదైనప్పుడు గొంతు మాత్రం ఈయనదే ఎందుకవ్వాలో అని. అనిపించినందుకు వెంటనే క్షమాపణ అడుగుతుంది. ఎవరిని అడుగుతోందో ఈమధ్య ఆమెకే సరిగ్గా తెలియడం లేదు.

రెండేళ్ళ క్రితం దాకా ఆమె నిడదవోలులో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పేది. ఉదయ్‌కుమార్ మానెయ్యమని ఎప్పుడూ గదమాయించలేదు. ఆయన కేకలు వేసే మనిషి కాదు, అదే చిక్కు. కేకలేస్తే ఎదురు తిరగొచ్చు. "ప్రార్థన చేద్దాం రా," అని చెయ్యి పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చోబెడితే ఏం చేస్తుంది? "ప్రభువా, సంఘపు పని పెరుగుతోంది, అమ్మ ఆరోగ్యం నీకు తెలుసు, నీ దాసురాలికి నీ చిత్తం బయలుపరచు," అని ఆయన కన్నీళ్ళతో అడిగాడు. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి దీవెన ఉద్యోగం లేదు. చాక్‌పీసు పొడి అంటిన హ్యాండుబ్యాగు బీరువా పైకి ఎక్కింది.

ఆ వారంలోనే ఆమెకి బైబిల్లో ఎర్రసముద్రం ఘట్టం దొరికింది. ముందు నీళ్ళు, వెనక ఫరో సైన్యం, జనం హాహాకారాలు. అప్పుడు మోషే అన్నాడు, దేవుడే మీ తరఫున పోరాడతాడు, మీరు ఊరకే ఉండండి అని. చదివి, ఏడ్చి, ముఖం కడుక్కుంది. మర్నాడు ఉదయ్‌కుమార్ గుమ్మంలోకి వచ్చేటప్పటికి పాలు కాస్తూ, "కాగిన పాలల్లో గరిటె తిప్పుతూ ఉంటే మీగడ కట్టదండి. కదపకుండా ఉంచితేనే కడుతుంది. అలా చెప్పండి," అంది. తన కోసం తాను వేసుకున్న కట్టు అది. అన్ని మాటల్లోకీ అదే ఎక్కువ తిరిగింది. ఎవరో దాన్ని కొత్త సంవత్సరం క్యాలెండరు మీద వేయించారు కూడా. అడిగినవాళ్ళందరికీ ఉదయ్‌కుమార్ మళ్ళీ మళ్ళీ పంపేవాడు.

పిండి పొంగని ఈ ముసురు వారంలోనే, గురువారం స్త్రీల కూడిక అయ్యాక అందరూ వెళ్ళిపోయినా రామతులసి వెళ్ళలేదు. చాపలు చుట్టింది, చీపురు పట్టింది, గోడకి చేరేసిన కుర్చీలే మళ్ళీ సర్దింది. కాలవ గట్టు మీద ఉంటుంది ఆమె. ఊడ్పుల్లో ఆమె చేతికి ఎదురు లేదంటారు.

"అమ్మగారండీ, ఒక్కసారి లోపలికొత్తారా?"

బియ్యం బస్తాలుండే గదిలోకి తీసుకెళ్ళి, తలుపు ఓరగా వేసి, రామతులసి జాకెట్టు హుక్కులు తీసి, దీవెన చెయ్యి పట్టుకుని తన ఎడమ రొమ్ము మీద పెట్టుకుంది. వేళ్ళ కింద ఉసిరికాయంత గట్టిగా తగిలింది. చర్మం అక్కడ లోపలికి లాగినట్టుంది.

"ఎన్నాళ్ళయింది రామతులసీ?"

"ఈస్టరు ముందర చూసుకున్నానండి. అప్పుడు బఠాణీ గింజంతేనండి."

"మరి డాక్టరుకి చూపించుకోకపోతే ఎలా?"

"ఊరకే ఉండమని మాట వచ్చింది కదండీ. గరిటె పెట్టి తిప్పితే మీగడ కట్టదని. ఆయ్, ఫోన్లో దాచుకున్నానండి. రోజూ వినే పనిలోకెళ్తాను."

దీవెన చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది. "మీ ఆయనకి తెలుసా?"

"చెప్పానండి. ఊడ్పులయ్యాక చూద్దాంలే అన్నాడు. ఊడ్పులయ్యాక కలుపంటాడు, కలుపయ్యాక కోతలంటాడు. నాకు జబ్బు చెయ్యడానికి మా ఆయన శ్యాంబాబు దగ్గర ఖాళీ లేదండి," అని రామతులసి నవ్వింది. నవ్వి హుక్కులు పెట్టుకుంది. "అయ్యగారి చేత కూడా ప్రార్థన చేయించుకున్నానండి. గడ్డ అన్నాను. ఎక్కడని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. వచ్చే నెల కృతజ్ఞత కూడికలో సాక్ష్యం చెప్పమన్నారండి, తగ్గిందని."

"తగ్గిందా?"

"తగ్గుద్దని నమ్ముతున్నానండి."

సాయంత్రం ఉదయ్‌కుమార్ చొక్కాలు ఇస్త్రీ చెయ్యబోతూ దీవెన బైబిలు తెరిచింది. ఆ పేజీ వెతుక్కోనక్కర్లేదు, పుస్తకమే అక్కడ తెరుచుకుంటుంది. ఊరకే ఉండమన్న వాక్యం కింద పెన్సిలు గీత, తను గీసిందే. రోజుకో వాక్యం కోసుకోవడం ఎంత అలవాటైపోయిందంటే, ఆ గీత కింద ఏముందో ఈ రెండేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. కాయ కొమ్మ మీదున్నప్పుడు పక్కన కనిపించే ముల్లు, కోసి బుట్టలో వేశాక కనిపించదు. ఇప్పుడు చూసింది. మోషే ఊరకే ఉండమన్నాడు. ఆ వెంటనే, కింది వాక్యంలోనే, దేవుడు మోషేని అడుగుతున్నాడు: నాకెందుకు మొరపెడుతున్నావు? సాగిపొమ్మని వాళ్ళతో చెప్పు. ఊరకే ఉండమన్నది మనిషి. సాగిపొమ్మన్నది దేవుడు. సముద్రం అప్పటికి ఇంకా చీలను కూడా లేదు. దీవెన రెండు వాక్యాలూ వేలు పెట్టి చదివింది, ఆరో తరగతి పిల్లల చేత చదివించినట్టు. ఆ రోజు తనకి కూర్చోవడానికి ఒక మాట కావాల్సివచ్చింది. కూర్చోబెట్టే మాట దగ్గరే ఆగిపోయింది. తను కూర్చున్న చోటుకి ఇంకో మనిషిని కూడా లాక్కొచ్చి కూర్చోబెట్టింది. ఆ మనిషి ఒంట్లో గడ్డ మాత్రం ఊరకే లేదు.

ఉదయ్‌కుమార్ రాగానే చెప్పింది, ఎక్కడో కూడా చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది. మంచివాడే, బాధపడ్డాడు.

"రేపు ఈ కింది వాక్యం చెప్పండి. మందు తీసుకోవడం, డాక్టరు దగ్గరికెళ్ళడం అవిశ్వాసం కాదని చెప్పండి. మీరు చెప్తే వింటారు."

ఆయన మంచం మీద కూర్చున్నాడు. "అంతమందికి పంపిన మాట దీవెనా. క్యాలెండరు మీద కూడా ఉంది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటే మిగతావి ఎవరు నమ్ముతారు?"

"వెనక్కి తీసుకోవడం కాదండి. ముందుకి చదవడం."

"ఆ అమ్మాయి విశ్వాసంలో ఇప్పుడిప్పుడే స్థిరపడుతోంది. కృతజ్ఞత కూడిక అవ్వనీ. ఈలోగా ఉపవాసం ఉందాం. రా, ప్రార్థన చేద్దాం." చెయ్యి చాపాడు.

"ఇస్త్రీ పెట్టె చేతిలో ఉందండి," అంది దీవెన.

పక్కగదిలోంచి బేబమ్మ అందుకుంది. "డాక్టరు దగ్గరికి వద్దని ఎవరన్నారే? నీ నోటితో మాత్రం చెప్పకు. రేపేదన్నా అయితే, అయ్యగారు ప్రార్థన చేస్తుంటే అమ్మగారే నమ్మకం లేక తీసుకుపోయిందంటారు. సేవకుడి పెళ్ళానివి, కాస్త వెనకా ముందూ చూసుకోవాలి."

వెనకా ముందూ చూస్తూనే దీవెన మిగిలిన చొక్కాలు మడతపెట్టింది. రామతులసిని కదపాలంటే ఒక్కటే దారి కనిపిస్తోంది. ఆ మాట అయ్యగారిది కాదు, నాది, నాకు తెలిసిందే అంత అని చెప్పెయ్యాలి. చెప్తే ఈ తెల్లచొక్కాల పరువు కాలవలో కలుస్తుంది. వచ్చే గురువారం స్త్రీల కూడికలో ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుంటారు. ఇల్లూ, చర్చీ, అత్తగారి మందులూ అన్నీ ఆ గొంతు మీదే నిలబడి ఉన్నాయి. ప్రార్థన చెయ్యబోతే నాకెందుకు మొరపెడుతున్నావు అన్నదే అడ్డం వస్తోంది.

తెల్లవారుతుండగా ఆయన గుమ్మంలోకి వచ్చాడు.

"ఇవాళ్టి మాట ఏంటి?"

"సాగిపొమ్మన్నది."

ఆయన ఫోను దించాడు. "అది కాక ఇంకోటి."

"ఇవాళ అదొక్కటే ఉందండి."

ఉప్మా దించి మూత పెట్టింది. పచ్చడి రుబ్బలేదు. బీరువా పైనుంచి హ్యాండుబ్యాగు తీసి, దులిపి, "రామతులసిని తీసుకుని రాజమండ్రి వెళ్తున్నాను. అత్తయ్యగారి మాత్ర గట్టు మీద కాదు, డబ్బాలోనే ఉంది," అని చెప్పి చెప్పులు వేసుకుంది. మెట్లు దిగింది. వెనక్కి పిలుస్తాడేమో అనుకుంది. పిలిస్తే ఆగిపోతానేమోనని గబగబా నడిచింది.

రామతులసి అప్పటికే తలకి గుడ్డ చుట్టి, క్యారేజీలో అన్నం సర్దుకుంటోంది. రోడ్డు మీద ట్రాక్టరు ట్రక్కులో ఆడవాళ్ళు ఎక్కుతున్నారు.

"ఆసుపత్రికి పద. నేనూ వస్తాను."

"ఇప్పుడాండీ? ఊడ్పులు మధ్యలో వదిలేసి వత్తే మేస్త్రి ఊరుకుంటాడాండీ? అయినా మాట వచ్చాక మళ్ళీ..."

"రామతులసీ, ఆ మాట అయ్యగారిది కాదు." చెప్పేసింది. "నేను కూర్చినదే. రోజూ వచ్చేవన్నీ నేనే చెప్తాను, ఆయన పలుకుతారు. ఆ రోజు నేను ఏడుస్తూ సగంలో ఆగిపోయాను. దేవుడు దాని కిందే సాగిపొమ్మన్నాడు. నేను చదవలేదు. అయ్యగారి మాటని కాదనుకోకు, నా మాటని కాదనుకో."

రామతులసి ఆశ్చర్యపోలేదు. క్యారేజీ క్లిప్పు వేసి ఆమెవైపు చూసింది.

"తెలుసండి."

"ఏం తెలుసు?"

"మీరేనని తెలుసండి. అయ్యగారెప్పుడన్నా పాలు కాచారా ఏంటండీ మీగడ సంగతి తెలియడానికి? చింతపండు పిప్పి, పొంగని పిండి, అంటిన అడుగు, అవన్నీ మగోళ్ళకి కనపడేవేనా? మాలో చాలామందికి తెలుసు. ఎందుకొచ్చిన గొడవని అనుకోంగానీ." ఆగి, మెల్లగా అంది. "అది అయ్యగారి సొంత మాటే అయ్యుంటే విని వదిలేద్దును, ఎప్పుడో పోయి చూపించుకుందును. ఊరకే ఉండమని మా ఆయనా చెప్తాడు, మా అత్తా చెప్తది, మేస్త్రీ చెప్తాడు. వాళ్ళ మాట ఏనాడు విన్నాను? మీరు చెప్పారనే ఆగానండి. చదువుకున్న ఆడమనిషి, ఇన్ని పడుతూ చెప్తోందంటే ఏదో ఉండే ఉంటుందనుకున్నాను."

దీవెన అరుగు మీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్ళూ తనకి గొంతు లేదనుకుంది. ఎవరికీ వినపడని మనిషినని లోలోపల కుమిలిపోయింది. వినపడింది. వినపడవలసినవాళ్ళకి పేరుతో సహా వినపడింది. విన్నవాళ్ళు దాన్ని నమ్మి, రొమ్ములో గడ్డ పెట్టుకుని ఎండా వానా వంగి నాట్లు వేశారు.

"లెగండి అమ్మగారండీ," అని రామతులసే చెయ్యి ఇచ్చింది. "ఇప్పుడు మీరే పదమన్నారు కదా, పదండి." ట్రక్కు వైపు తిరిగి, "ఒసే, నా వంతు మునుం మీరే ఎత్తండే, నేను రాజమండ్రి పోతున్నా!" అని కేకేసింది. "ఏ, సినిమాకా?" అని ఎవరో అరిచారు. "ఆయ్, మ్యాటనీకే!" అంది.

నిడదవోలు స్టేషన్లో రాజమండ్రి ప్యాసింజరు ఇంకా రాలేదు. బెంచీ మీద రామతులసి క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నవ్వు పోయింది. ఎడమ చెయ్యి ఒంటికి దగ్గరగా పెట్టుకుని పట్టాల వైపు చూస్తోంది. ఆలస్యమైపోయిందేమోనన్న మాట ఇద్దరి మధ్యా ఉంది. దీవెన ఆమెకి కాస్త దగ్గరగా జరిగింది.

ఫోను మోగింది. ఉదయ్‌కుమార్. ఆయన గొంతులో ఆదివారం లేదు, కోపమూ లేదు, కంగారు మాత్రం ఉంది.

"దీవెనా, ఇంతవరకూ పంపలేదు. అందరూ అడుగుతున్నారు, కువైట్ నుంచి కూడా. రెండుసార్లు మొదలెట్టి ఆపేశాను. చిన్నదైనా ఫర్వాలేదు, ఏదో ఒకటి చెప్పు."

బండి వస్తున్నట్టు మైకులో చెప్పారు. దీవెన లేచి, రామతులసి ఒళ్ళోంచి క్యారేజీ తను అందుకుంది. ఆమెకి కోపం రాలేదు. ఎత్తిపొడవాలనీ లేదు. నడక నేర్చే పిల్లవాడి చెయ్యి మొదటిసారి వదిలేటప్పుడు చెప్పినంత నెమ్మదిగా చెప్పింది.

"మీకు దేవుడు ఏం చెప్తే అది చెప్పండి."