దింపుడు మంటపం

యల్లమ్మకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తమ్ముడు గంగులయ్య శవం ప్రొద్దుటూరు ఆసుపత్రి నుంచి పార్టీ వ్యానులో వచ్చి వాకిట్లో దిగింది. దాని మీద తల నుంచి కాళ్ల దాకా పార్టీ జెండా. చచ్చినవాడి మొహం కనపడకపోయినా ఫరవాలేదు గానీ, గుర్తు మాత్రం కనపడాలి మరి!

ముందురోజు పోలింగు. బూత్ దగ్గర అవతలి పార్టీవాళ్లు ఈ పార్టీ నాయకుడు తిమ్మారెడ్డి మీదికి నాటుబాంబు విసిరితే, పదేళ్లుగా రెడ్డి జీపు వెనక నిలబడి తిరిగిన గంగులయ్య అడ్డం పడ్డాడు. రెడ్డికి చొక్కా మాసింది, గంగులయ్యకు ప్రాణం పోయింది.

"యల్లమ్మా, నీ తమ్ముడు నాకూ తమ్ముడే," అన్నాడు తిమ్మారెడ్డి, ఫొటోలవాళ్లు సర్దుకునేదాకా ఆగి. "వ్యానులోనే ఊరేగించుకుంటా శ్మశానానికి పోదాం. ఆడ నేను మాట్లాడతా."

"వ్యాను వొద్దు రెడ్డీ. మేం మోసుకుపోతాం. దారిలో దించి పిలవాల గదా."

"యాడో ఒకచోట దించుకోండి. దానికేముంది?"

యాడో ఒకచోటనా! యల్లమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

శవాన్ని మోసుకుపోతూ దారిలో ఒకచోట దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. ఏ మూలనైనా కొస ప్రాణం ఉంటే పలుకుతాడని దింపుడు కళ్లం ఆశ. పలికినవాణ్ని ఎవరూ చూడలేదు. అయినా పిలవకుండా పూడ్చినవాళ్లూ లేరు. యల్లమ్మవాళ్లకు, ఆ ఊరి గొల్లలందరికీ ఆ చోటు వాగు దారిలో ఉన్న నాలుగు స్తంభాల రాతి మంటపం. ఏ రాజుల కాలం నాటిదో, స్తంభాల మీద హంసలు, తీగలు, పైకప్పులో విచ్చుకున్న తామరపువ్వు. అంత అందంగా ఉండడమే దాని ఖర్మ.

తిమ్మారెడ్డి జమ్మలమడుగు రోడ్డులో కొత్త మేడ కట్టినప్పుడు ఇంజినీరు ఒక బొమ్మల పుస్తకం తెచ్చాడు. చైనాలో చెరువు నడుమ మంటపాలు, పారశీక రాజుల తోటల్లో మంటపాలు, ఇంగ్లండు దొరల పచ్చికలో తెల్లతెల్లటి మంటపాలు. రెడ్డికి మోజు పుట్టింది. చైనా దాకా పోయే పనేముంది, మన వాగు దారిలోనే ఒకటి పడి ఉందే! రాళ్లకు సున్నంతో అంకెలు వేయించి, విప్పించి, లారీలకెక్కించి, మేడ ముందర తోటలో నిలబెట్టించాడు. మధ్యలో ఉయ్యాల వేయించాడు. ఆరునెలలుగా పొద్దున కాఫీ అందులోనే. పంచాయితీలకు వచ్చేవాళ్లతో మాటలూ అందులోనే.

అది ఏ మంటపమో రెడ్డికి తెలియదు. తెలిసే దారీ లేదు. వాళ్లింట్లో ఎవరు పోయినా సొంత పొలంలో తాతల పక్కన పూడ్చుకుంటారు. గొల్లల శవం వెంట వాగు దారిన నాలుగడుగులు వేసిన రెడ్డి ఆ ఊళ్లో ఇంకా పుట్టలేదు. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం లేదు. దగ్గరుండి ఆ రాళ్లను లారీకెత్తించిందే గంగులయ్య.

"అదేందో రెడ్డికి చెప్పొద్దురా?" అని ఆ రోజు యల్లమ్మ నిలదీస్తే నవ్వాడు.

"మోజుపడినాడు, పోనీలే అక్కా. ఇప్పుడు మనలో ఎవురు సస్తాండారు?"

వెధవ! ఆ నవ్వు గుర్తొచ్చి యల్లమ్మకు తమ్ముడి మీద కూడా కోపం వచ్చింది.

పాడె లేచింది. వాగు దారిలో మంటపం ఉన్నచోటికి వచ్చేసరికి నాలుగు గుంతలు, గుంతల్లో తుమ్మకంప.

"ఈన్నే దించుదాం అక్కా," అన్నాడు ముందు బొంగు మోస్తున్న చిన్నన్న. యల్లమ్మకు పినతండ్రి కొడుకు.

"గుంతల్లోనా? మా అమ్మను యాడ దించినాం? మీ నాయన్ను యాడ దించినాం?"

"మంటపం రెడ్డి ఇంటికాడుంటే ఏం చేద్దామక్కా?"

"ఆడికే పోదాం. తిప్పు పాడెను."

"సంపుతారక్కా!"

"సంపనీ. పాడె ఎట్లా కట్టే ఉంది."

చిన్నన్న కదల్లేదు. యల్లమ్మ అతని భుజం మీది బొంగు లాక్కుని తన భుజాన పెట్టుకుంది. ఆడది పాడె మోయడమేందని వెనక ఎవడో గొణిగాడు.

"మూయ్ నోరు! మొగోళ్లు మోసుంటే నేనెందుకు మోస్తా?"

పాడె తారురోడ్డెక్కింది. వాగు దారి పట్టకుండా రోడ్డు మీదే జీపులో ముందు పోతున్న తిమ్మారెడ్డి వెనక్కి చూసి మురిసిపోయాడు. జనం వాళ్లంతట వాళ్లే పెద్దరోడ్డు మీద ఊరేగింపు చేస్తున్నారనుకున్నాడు పాపం. దారి పొడుగునా రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. పాడె తన గేటులోకి తిరిగినప్పుడు గానీ ఆ చేతులు విడిపోలేదు.

గన్‌మెన్లు అడ్డం వచ్చారు. రెడ్డి జీపు దిగి ఉరికొచ్చి ఫొటోలవాళ్ల వైపు చూశాడు, శవం మీది తన జెండా వైపు చూశాడు. తనకోసం చచ్చినవాణ్ని తన వాకిట్లోంచి తరిమిస్తే రేపు పేపర్లో ఏం పడుతుంది? పక్కకు జరగమని కళ్లతోనే సైగ చేశాడు.

రెడ్డి భార్య శ్యామలమ్మ ఉయ్యాల మీంచి లేచి కేకేసింది. "శవాన్ని ఇంటికి తెస్తారా? బుద్ధుందా మీకు?"

"మీ ఇంటికి గాదు తల్లీ, మా దింపుడు మంటపానికి తెచ్చినాం. మా అమ్మను ఈ బండ మీదనే దించినాం. మా అబ్బను, జేజిని ఈన్నే దించినాం. పోయినేడు పురిట్లో పోయిన పిల్లను గూడా ఈన్నే దించినాం. మీరు ఉయ్యాల కట్టుకోని ఊగుతాండారు."

శ్యామలమ్మ పట్టుకున్న స్తంభాన్ని వదిలేసి దూరం జరిగింది. తిమ్మారెడ్డి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

పాడె దించారు. యల్లమ్మ మోకాళ్ల మీద కూచుని జెండా కొస తొలగించింది. బాంబుకు కమిలిన చెవి. ఆ చెవి దగ్గరికి వంగింది.

"గంగులూ."

ఇంకా దగ్గరికి వంగింది.

"రేయ్ గంగులూ."

మూడోసారికి పొద్దుటి నుంచి రాని ఏడుపు వచ్చింది, కోపం ఏమాత్రం తగ్గకుండానే. "గంగులూ, లెయ్ నాయనా. అక్కనురా."

తిమ్మారెడ్డి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "నాకు తెలీదు యల్లమ్మా, తప్పయిపోయింది. రేపు తెల్లారేసరికి ఈ రాళ్లన్నీ లారీలో ఏసి మీ వాగు కాడికి పంపిస్తా."

యల్లమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"రాళ్లు పంపిస్తావులే రెడ్డీ, నీకేం, లారీలున్నాయి. మా వాన్ని ఏ లారీలో ఏసి పంపిస్తావు?"

యల్లమ్మ వంగి బొంగు అందుకుంది. ఈసారి రెండో వైపు చిన్నన్న అడక్కుండానే భుజం పట్టాడు.