ఎప్పటి మందే

పెరూలోని మా అరెకిపా ఊరి పెద్దాసుపత్రిలో మనసు డాక్టర్ల గది ముందు ఒక చెక్క బల్ల ఉంది. తొమ్మిదేళ్లుగా ప్రతి నెలా మొదటి మంగళవారం దాని మీద కూర్చుంటున్నాను. తెల్లరాయి గనిలో నాతో పనిచేసే సతుర్నీనో బండ కింద నలిగి చనిపోయాక నాకు గుండెదడ పట్టుకుంది. పొద్దునకొకటి, సాయంత్రానికొకటి మాత్రలు రాశారు. డాక్టర్లు ఏడాదికొకరు మారారు, రాత మాత్రం మారలేదు. కొత్తగా వచ్చినవాళ్లు పాత కాగితం తిరగేసి, కింద "ఎప్పటి మందే" అని రాసి, నా మొహం చూడకుండానే తర్వాతి నంబరు పిలుస్తారు. నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆ రెండు ముక్కలు రాయడానికి అంత చదువెందుకో నాకిప్పటికీ తెలీదు.

దోన్య సెనోవియా, అంటే సెనోవియాగారు, నాకు ఆ బల్ల మీదే పరిచయం. మతి సరిగాలేని తమ్ముడి కోసం మందులు పట్టుకెళ్లడానికి వస్తుంది. తనది కొండ మీది పేట, నాది ఊరి చివర గని పక్కన. ఆమె సంచిలో మూడు కొమ్ముల రొట్టె ఒకటి, చీజ్ ముక్క ఉంటాయి. విరిచి సగం నాకిస్తుంది.

"ఏదీ మేస్త్రీ, మీ చీటీ ఇలా పెట్టండి," అంది ఒకసారి. తమ్ముడి చీటీ పక్కన పెట్టి చూసుకుంది. "ఇదేంటి, మావాడిదీ మీదీ ఒకటే. వాడు గోడలతో మాట్లాడతాడు. మరి మీరు?"

"నేను రాళ్లతో."

"గోడలు కట్టేది రాళ్లతోనేగా. సరిగ్గానే రాశారు."

నవ్వాను. నెల మొత్తానికి నాకదే నవ్వు. ఇంట్లో పలకరించే దిక్కు లేదు. గనిలో ఉలి చప్పుడు తప్ప మాట వినపడదు. ఫోన్ నంబరు అడగొచ్చుగా అంటారు మీరు. యాభై రెండేళ్లవాణ్ణి, పిచ్చి మాత్రలు మింగేవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని అడుగుతాను? నెలకో మంగళవారం ఉంటే చాలనుకున్నాను.

జూన్‌లో కిరోస్ అని కొత్త డాక్టరమ్మ వచ్చింది. ఎవరికి ఏ మందు ఎన్నేళ్లుగా రాస్తున్నారో ఆసుపత్రివాళ్లు లెక్క తీయిస్తున్నారట. ఈమె నా మొహం చూసింది.

"ఆరు నెలలుగా మందు మారకుండా నిలకడగా ఉన్నవాళ్లు ఇక నెలనెలా రానక్కర్లేదు దొన్ ఎవారిస్తో. మూడు నెలలకి సరిపడా ఒకేసారి ఇచ్చేస్తాం. మీరు నిలకడగానే ఉన్నారుగా?"

ఉన్నాను. కానీ సెనోవియా తమ్ముడు నిలకడగా ఉండే రకం కాదు. ఆమె నెలనెలా వస్తుంది, నేను రాను. అది తట్టగానే నోట్లోంచి అబద్ధం ఊడిపడింది.

"నిద్ర పట్టట్లేదు డాక్టరమ్మా."

ఆమె పాపం నమ్మింది. రాత్రికి ఇంకో మాత్ర రాసింది. "మందు మార్చాం కదా, ఇవాళ్టి నుంచి ఆరు నెలలు మీరు నెలనెలా రావాల్సిందే," అంది. ఏదో గెలిచినవాడిలా బయటికొచ్చాను.

నా తర్వాతి నంబరు సెనోవియాది. ఏమన్నారని అడిగితే, నిద్ర పట్టట్లేదని చెప్పానన్నాను. "అయ్యో, నాకెప్పుడూ చెప్పలేదే," అని నా భుజం తట్టి లోపలికెళ్లింది. కాసేపటికి సంచి నిండా మందులతో తిరిగొచ్చింది.

"మూడు నెలలకిచ్చేసింది మేస్త్రీ. మావాడు రోజూ అరుస్తాడమ్మా అంటే, ఏళ్ల తరబడి అలాగే అరుస్తున్నాడంటే అదీ నిలకడేనంది. పోనీలే, మూడు నెలలు ఈ బల్ల మొహం చూడక్కర్లేదు. నా నడుం బతికింది."

"మంచిదే," అన్నాను. ఇంకేమనను?

జూలైలో నా పక్కన ఎవరో ముసలాయన కూర్చుని మధ్యాహ్నం దాకా దగ్గాడు. కిరోస్ డాక్టరమ్మ ఆ రోజు సెలవట, లోపల ఇంకెవరో డాక్టరున్నాడు.

"ఆ రాత్రి మాత్ర తీసెయ్యండి సార్. నిద్ర బాగానే పడుతోంది."

"పడుతోందంటే మాత్ర పనిచేస్తోందన్నమాట. పనిచేసేదాన్ని ఎవరైనా తీసేస్తారా?" అని, ఎప్పటి మందే రాశాడు.

నేనే ఓ రాత్రి మానేసి చూశాను. తెల్లారేదాకా రెప్ప పడలేదు. ఆడిన అబద్ధం నిజమై కూర్చుంది. మర్నాటి నుంచి మళ్లీ మింగాను. పొద్దున పది దాటేదాకా తల మీద బండ పెట్టినట్టుండేది. గనిలో రెండుసార్లు వేలు చితగ్గొట్టుకున్నాను. ఆగస్టు కూడా అలాగే గడిచింది.

సెప్టెంబరు మొదటి మంగళవారం గడ్డం గీసుకున్నాను. ఉతికిన చొక్కా వేసుకున్నాను. ఈసారి రొట్టెలు నేనే కొన్నాను, రెండు, చీజ్‌తో సహా. ఫోన్ నంబరు అడగాలని తీర్మానించుకున్నాను. దారంతా ఆ మాటే నాలో నేను అనుకుంటూ వచ్చాను. ఏడింటికే నంబరు తీసుకుని, ఆమె చోటు పోకుండా రొట్టెల సంచి పక్కన పెట్టి, గేటు వైపే చూస్తూ కూర్చున్నాను.

"మేస్త్రీ. ఓ మేస్త్రీ. మీ నంబరు రెండుసార్లు పిలిచారు."

వాచ్‌మన్ భుజం కుదుపుతున్నాడు. గోడ గడియారంలో పదిన్నర.

"ఆ రొట్టెలావిడ వచ్చిందా?"

"వచ్చిందిగా. అరగంట మీ పక్కనే కూర్చుంది. లేపబోతే నన్నాపింది. పాపం నిద్ర పట్టని మనిషి, పడుకోనీ అంది. మందులు తీసుకుని ఇందాకే వెళ్లింది. ఈపాటికి బస్సెక్కేసుంటుంది."

నేను పక్కన పెట్టిన సంచి నా ఒళ్లో ఉంది. కూర్చోవడానికి ఆమే తీసి పెట్టి ఉంటుంది. రొట్టెలు రెండూ అందులో అలాగే ఉన్నాయి.

లోపల కిరోస్ డాక్టరమ్మ తలెత్తి చూసింది.

"నిద్ర ఎలా ఉంది దొన్ ఎవారిస్తో?"

"బాగా పడుతోంది," అన్నాను.

చాలా సంతోషమంటూ పెన్ను తీసుకుంది.