నూనె ఎటు పోవాలె

నతానియేలు సారు బల్ల మీద ఇరవై రెండు ఇత్తడి తూటా గుల్లలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. మందు లేదు, బుల్లెట్టు లేదు, ఉత్త గుల్లలు. సమత ఒక్కొక్కటీ తీసి కిటికీ వెలుగులో తిప్పి చూసింది. పదహారింటికి మెడ కింద, భుజం అనే ఏటవాలు దగ్గర, గోటితో నొక్కినట్టు చిన్న గుంట ఉంది.

"చూసినవ్ గద బిడ్డా. ఇరవై ఏండ్ల సంది ఇదే కథ," అన్నాడాయన.

ఆయన సైన్యంలో ముప్ఫై ఏళ్లు తుపాకులు బాగుచేసి, చేవెళ్లలో ఇల్లు కట్టుకుని, వెనక గదిలో లేతు మిషను పెట్టుకున్న మనిషి. ఎన్‌సీసీ రోజుల్లో సమతకు రైఫిల్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. పెళ్లయి మొయినాబాద్ వచ్చాక పదేళ్లు ముట్టని రైఫిల్‌ను మళ్లీ పట్టించిందీ ఆయనే.

ఇప్పుడు ఆమె చేతిలో ఒక పర్మిట్ ఉంది. షూటర్‌గా వచ్చిన గుర్తింపు మీద ఒకే ఒక్క రైఫిల్, తన కొలతలకు చేయించుకోవచ్చు. రైఫిల్ చేసే కంపెనీకి ఫారం సోమవారం పంపాలి. చెక్క రకం, బరువు, గొట్టం పొడవు, అన్నీ నింపింది. ఏ తూటాకు అన్న గడి ఒక్కటే ఖాళీ. తూటా కూర్చునే గూడు గొట్టంలో ఒకసారి తొలిచాక మరో తూటా అందులో పట్టదు. ఇంకో పర్మిట్ ఎన్నేళ్లకు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

పోయిన ఏడాది అరువు రైఫిల్‌తో మూడు వందల మీటర్ల పోటీకి వెళ్లింది. ఆరున్నర మిల్లీమీటర్ల తూటాతో యాభై గుండ్ల దాకా బాగానే నడిచింది. చివరి పదిలో రైఫిల్ తన్నుకు భుజం ముందే భయపడింది. జట్టులో చోటు రెండు పాయింట్లతో పోయింది. కంపెనీ ఆరు మిల్లీమీటర్ల తూటా భుజాన్ని తన్నదు కానీ అంత దూరానికి గాలి దాన్ని పక్కకు నెడుతుంది. ఈ రెండింటికీ మధ్యది ఏ కంపెనీ చేయదు. అది నతానియేలు సారు గీసుకున్న బొమ్మలోనే ఉంది. ఆరున్నర గుల్ల తీసుకుని, అచ్చులో నొక్కి, మెడ ఆరుకు దించి, భుజం కాస్త వెనక్కి జరపాలి. ఇంట్లో చేసుకునే తూటా అన్నమాట.

"అందరు కొనేదే కొనుక్కోరాదా," అన్నాడు కుర్చీలో కూర్చున్న మామ బాల్‌రాజ్. ఒకప్పటి సర్పంచి. కోడలిని కారులో దింపే పని మీద వచ్చి, చేవెళ్ల మార్కెట్లో క్యారెట్ ధర కూడా కనుక్కునే రకం. "పెద్దది తీసుకో. చప్పుడుకే అడివి పందులు వికారాబాద్ దాటాలె."

"పందుల కోసం కాదు మామా ఇది."

"ఎరికే. పందులకు చెప్పకు మరి."

సమత నవ్వి సారు వైపు తిరిగింది. "ఒకటి నా ముందర చెయ్యుండ్రి సార్."

ఆయన అరచేతిలో ఆముదం పోసుకుని గుల్లను అందులో దొర్లించాడు. ఇనుముకు నూనె లోటు చేయొద్దని సైన్యంలో నేర్చిన చెయ్యి అది. మెడ నుంచి అడుగు దాకా నిగనిగలాడింది. అచ్చులో పెట్టి పిడి కిందికి లాగాడు. బయటికి తీస్తే భుజం మీద గుంట.

"ఇత్తడే మంచిది కాదు," అన్నాడు. "లేకుంటే నా అచ్చుల తప్పున్నది. రెండుసార్లు మల్ల గీసిన."

సమత గుంటను వేలితో తడిమింది. ఇడ్లీ పళ్లెంలో నూనె ఎక్కువై గుంటలో నిలిస్తే ఇడ్లీ అడుగున ఇదే సొట్ట పడుతుంది. పిండి బాగాలేదని ఎవరూ అనరు.

"సార్, అచ్చుల గుల్ల నిండుగ పడుతది గదా. మరి నూనె ఎటు పోవాలె?"

"అంటే?"

"తోవ లేదు. అందుకే గుల్లనే నొక్కుతున్నది. ఇడ్లీకి ఎట్లయితదో గట్ల."

"ముప్ఫై ఏండ్ల సర్వీసును ఇడ్లీ దగ్గర కూసోబెట్టినవ్," అన్నాడు నతానియేలు. బాల్‌రాజ్ గట్టిగానే నవ్వాడు. సారు అచ్చు వైపే చూస్తున్నాడు.

సమత గుల్ల పొడిగా తుడిచి అచ్చులోకి పంపింది. సగంలో పట్టేసింది. దాన్ని ఊడదీయడానికి సారుకు గంట పట్టింది. రెండోసారి వేలికొసన నూనె అద్దుకుని గుల్ల ఒంటికి మాత్రం రాసి, భుజాన్ని నూలుగుడ్డతో తుడిచింది. ఈసారి భుజం నున్నగా వచ్చింది. నతానియేలు దాన్ని పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లి చాలాసేపు వెనక్కి రాలేదు.

"అయితే ఫారం రాసెయ్," అన్నాడు బాల్‌రాజ్.

"ఒక్కటి మంచిగొస్తే ఏమయితది మామా? నా చేతులతోని వరుసగ ఇరవై రావాలె. అప్పుడే రాస్త. లేకుంటే కంపెనీదే."

ఆ మాట సారుకు వినపడిందని ఆమెకు తెలుసు. ఆయన వేళ్లు ఈ మధ్య వణుకుతున్నాయనీ, ఈ తూటా ఆయన చేతుల మీదే ఆధారపడితే రైఫిల్ ఎన్నాళ్లు పలుకుతుందనీ పైకి అనలేదు. అనవలసిన అవసరం లేకుండా ఆయనే కొత్త గుల్లల డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టింది. పరీక్షకు సారు ఒక ఉక్కు ముక్కలో రైఫిల్ గూడు లాంటిదే తొలిచి ఉంచాడు. గుల్ల దానంతట అది అందులోకి జారాలి. రాయడం, తుడవడం, నొక్కడం, వేసి చూడడం. పదహారు జారాయి. పదిహేడోది వెంట్రుకవాసి పైన ఆగింది.

"బొటనవేలుతోని జర నూకు, పోతది," అన్నాడు బాల్‌రాజ్.

"పోటీల ఎవరు నూకుతరు మామా?"

పదహారింటినీ పక్కకు జరిపింది. లెక్క మళ్లీ ఒకటి.

"నా ఎలక్షన్ల గిట్లాంటి ఏజెంటు ఒక్కలున్నా ఓడకపోదును," అని గొణిగి ఆయన భోజనానికి లేచాడు. సమత లేవలేదు. నూలుగుడ్డకు నూనె పట్టిందని గమనించి, అయిదు గుల్లలకోసారి గుడ్డ మార్చింది. మధ్యాహ్నం మూడున్నరకు ఇరవయ్యోది ఉక్కు ముక్కలోకి చప్పుడు లేకుండా జారింది.

చేతులు కడుక్కుని ఫారం తీసి, సారు గీసిన బొమ్మను దానికి జతచేసింది. కొత్త తూటాకు గీసిన మనిషి పేరు పెట్టడం ఆ పనిలో ఉన్నవాళ్ల అలవాటు. ఆరు మిల్లీమీటర్లు అని రాసి, పక్కన నతానియేలు అని రాసింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, తీసి, ఆముదం సీసాకు మూత బిగించాడు.

"ఇగ లే బిడ్డా. మీ మామ ఎదురుచూస్తున్నడు."

సమత డబ్బాలోంచి ఇంకో గుల్ల తీసింది.

"ఇంకెందుకు? ఇరవై అయినయి గద?"

"పోటీకి అరవై కావాలె సార్," అంటూ వేలికొసన నూనె అద్దుకుంది.