నేల విడిచిన కుర్చీ

సాయంత్రం బడి వదిలే వేళకు ఆ ఇంట్లోంచి రెండు చప్పుళ్ళు వినపడేవి. కింద కోడలు గరగరమని షట్టరు పైకెత్తేది. మేడ మీద అత్తగారు కిటికీ రెక్కలు ధడాలున మూసేది. ఎదురు వరసలో వాళ్ళు గడియారం చూసుకోవడం మానేసి చాలాకాలమైంది. షట్టరు చప్పుడుకి టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి, కిటికీ చప్పుడుకి టీపొడి వేసేవాళ్ళు.

అత్తగారిని ఊరంతా టీచరమ్మ అనేది. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఊళ్ళో సగంమంది ఆవిడ బల్ల దగ్గర అయస్కాంతానికి ఇనుప రజను అంటించినవాళ్ళే. కోడలేమో కింది గదిలో పిల్లల చేత కంప్యూటర్ ఆటలు ఆడించేది. ఒకప్పుడు అది స్కూటర్లు పెట్టుకునే చోటు. ఇప్పుడు గోడ పొడుగునా తెరలు, వాటి ముందు స్టూళ్ళు, కాళ్ళకి అడ్డం పడే వైర్లు, ఓ మూల మంచినీళ్ళ డబ్బా. కొడుకు సరుకు లారీ మీద దూరాలు తిరుగుతాడు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. ఇక మిగిలింది అత్తాకోడళ్ళు.

ఇద్దరికీ పడదని కాదు. పోట్లాడుకోవాలన్నా ముందు మాట్లాడుకోవాలి కదా. "ఉప్పు నిండుకుంది", "నీళ్ళొచ్చాయి", "వాడు ఫోన్ చేశాడు" లాంటి మాటలకు లోటు లేదు. అంతకు మించి ఏమీ లేదు. కోడలు పెళ్ళికి ముందు ఏదో ఆటల కంపెనీలో పనిచేసిందని టీచరమ్మకు తెలుసు. ఏం చేసేదో, ఎందుకు మానేసిందో ఎప్పుడూ అడగలేదు. ఒళ్ళు వంగక మానేసి ఉంటుందని జవాబు తనే రాసుకుని, మార్కులు కూడా తనే వేసేసుకుంది.

అలా ఉండగా మునిసిపాలిటీ వాళ్ళు ఊళ్ళో ఆటల గదులన్నీ మూయించాలని ఒక తీర్మానం తలపెట్టారు. ఇక చూడండి. క్షవరం కుర్చీలో గెడ్డానికి సబ్బు పట్టించుకున్నవాడు కూడా అభిప్రాయం చెప్పందే కత్తి పెట్టనివ్వలేదు. ఆటలు పిల్లల మెదడు తినేస్తాయని ఒకరు, కాదు పెంచుతాయని ఒకరు. ప్రభుత్వానికి బొత్తిగా పట్టదని ఒకరు, ప్రతిదాంట్లో వేలు పెట్టడమే ప్రభుత్వం పనా అని ఇంకొకరు. ఫోన్లు చెడ్డవని ఫోన్లలోనే తెల్లవార్లూ కొట్టుకున్నారు. చివరికి ఆ మాటలేవో టౌన్‌హాలుకి వచ్చి చెప్పమని సభ పెట్టారు.

టౌన్‌హాల్లో మాట్లాడేవాళ్ళ కోసం ఓ టేకు కుర్చీ ఉంది. అందులో కూర్చుని తెలిసిన సంగతి చెబితే అది మామూలు కుర్చీ. తెలియంది తెలిసినట్టు చెబితే మనిషితో సహా పైకి లేస్తుంది. ఎంత తెలియకపోతే అంత ఎత్తు. గడియారం ముల్లు తిరుగుతోందని ఎవరైనా నోరు తెరుచుకు చూస్తారా? ఇదీ అంతే. సభకు ముందు, ఎంత ఉక్కగా ఉన్నా సరే, ఫ్యాను ఆపేస్తారు. గోడకి ఓ నిచ్చెన ఆనించి పెడతారు. కుర్చీకి నేరుగా పైన కప్పు నిండా తలనూనె మరకలు. సున్నం వేసిన కొన్నాళ్ళకే మళ్ళీ తేలతాయి. కిందికి దిగే దారి లేకపోలేదు. "నాకు తెలీదు" అంటే చాలు, కుర్చీ దించేస్తుంది. ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా నిచ్చెన మెట్లే అరిగిపోయాయి.

టీచరమ్మకి ఊళ్ళో ఉన్న పరువంతా ఆ కుర్చీ ఇచ్చిందే. మంచినీళ్ళ పంపుల మీద, బడి వేళల మీద, వీధికుక్కల మీద ఆవిడ ఎన్నిసార్లు మాట్లాడినా అది నేల విడవలేదు. తెలిసింది చెప్పు, తెలియంది అడుగు, నేల విడిచి సాము చెయ్యకు అని క్లాసులో చెప్పిన మాటే హాల్లోనూ పాటించింది. అందుకే ఈసారీ ఆవిడ ఎటంటే తీర్మానం అటే మొగ్గుతుందని అందరూ అనుకున్నారు.

ఆవిడ అభిప్రాయం ఎప్పుడో తయారు. మూసెయ్యాలి. చిక్కల్లా ఒకటే, ఆవిడ ఏనాడూ ఆడి ఎరగదు.

సభ ఇంకా కొన్నాళ్ళుందనగా ఒక సాయంత్రం షట్టరు లేచింది గాని కిటికీ మూసుకోలేదు. టీచరమ్మ మెట్లు దిగి వచ్చి గది గుమ్మంలో నిలబడింది. పిల్లలంతా అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారు.

"కూర్చోండి," అని వాళ్ళతో చెప్పి, కోడలి వైపు తిరిగింది. "నాకు నేర్పు."

"ఏంటి అత్తయ్యా?"

"ఇదే. ఈ విషం."

కోడలు నవ్వలేదు. ఒక స్టూలు తుడిచి వేసింది. "అయితే మొదట కాస్త పలచగా ఉన్న విషం పెడతాను."

తెర మీద ఇరుకు సందుల ఊరు. ఇద్దరు బొమ్మ మనుషులు పెద్ద గాజు పలకని చెరో కొసా పట్టుకుని, బండ్లకీ గోడలకీ తగలకుండా ఊరి ఆ చివరికి చేర్చాలి. ముందు కొస టీచరమ్మది, వెనక కొస కోడలిది.

"బటన్ల వంక కాదు అత్తయ్యా, తెర వంక చూడండి."

"చూస్తూనే ఉన్నానమ్మా, బొటనవేలు వినొద్దూ!"

మొదటి మలుపులోనే భళ్ళుమంది. "టీచరమ్మ గాజు పగిలిందోయ్!" అని గదంతా గంతులేసింది.

"ఇప్పుడు ఎందుకు పగిలిందో చెప్పాలి. చెబితేనే ఇంకో ఆట. ఈ గదిలో అది రూలు," అంది కోడలు.

"ఈ బటన్ బిగుసుకుపోయింది."

పిల్లలు ఒక్క గొంతుతో ఎక్కాలు అప్పజెప్పినట్టు అందుకున్నారు. "బటన్ మీద చెప్పకూడదు! నెట్టు మీద చెప్పకూడదు! పక్కవాళ్ళ మీద చెప్పకూడదు!"

ఇన్నేళ్ళూ పిల్లల చేత తప్పులు దిద్దించిన మనిషి చెవి గోక్కుంది. "మలుపు చూసుకోలేదు."

"అదీ! మళ్ళీ ఆడండి."

మర్నాడూ దిగింది, ఆ మర్నాడూ దిగింది. గాజు ఒక్కసారీ ఊరు దాటలేదు. ఓ సాయంత్రం బండ్ల సందులోంచి పలకని పక్కవాటుగా తిప్పి దాటిస్తున్నప్పుడు, మేడ మీంచి మాడు కంపు కొట్టింది. ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. గిన్నె అడుగు పీచుతో రుద్దుతూ ఆలోచించింది. ఈ ఆట నన్నే లేవనివ్వలేదు, ఇక పసివాళ్ళని లేవనిస్తుందా? అభిప్రాయం మారలేదు సరికదా, దానికిప్పుడు సాక్ష్యం కూడా దొరికింది.

సభ రోజు చెప్పులేసుకుంటుంటే కోడలు అడిగింది. "ఏం చెప్పబోతున్నారు అత్తయ్యా?"

"తెలిసిందే చెబుతాను."

"సరే," అంది కోడలు. తాళంచెవి పమిట కొంగుకి ముడేసుకుని వెనకే బయల్దేరింది.

హాలు కిటకిటలాడింది. మొదట సెల్‌ఫోన్ల కొట్టు ఆసామి కూర్చున్నాడు. "ఇవాళ ఆటలాడే పిల్లలే రేపు లోకాన్ని ఏలతారు," అన్నాడో లేదో కుర్చీ జువ్వలా లేచి ఆయన నెత్తిని కప్పుకి ఆనించింది. అటెండరు కింద నించి బూజుకర్ర అందించాడు. "ఎలాగూ పైకెళ్ళారు, ఆ మూల కాస్త దులుపుదురూ."

తర్వాత డ్రిల్లు మాస్టారు. "ఈ ఆటలాడినవాడు ఒక్కడూ బాగుపడలేదు." ఆయన రెండో మూల దులిపి నిచ్చెన మీంచి దిగాడు.

ఆ తర్వాత వార్డు మెంబరు. ఆయన్ని అందరూ అటగారంటారు, ఎందుకంటే ఆయన కుర్చీకి అందని ఉపాయం కనిపెట్టాడు. "కళ్ళు పోతాయట. మెదడు మెత్తబడుతుందట. మూసేస్తే మంచిదట."

"ఇంతకీ మీరేమంటారండీ?" అనడిగింది సభ అధ్యక్షురాలు.

"నేనా? ఆలోచిస్తున్నానట."

టీచరమ్మ పేరు పిలవగానే హాలు సద్దుమణిగింది. అటెండరు నిచ్చెన తీసి పక్కన పెట్టేశాడు. ఆవిడకెందుకని.

"నేనూ ఆడాను," అని మొదలుపెట్టింది. "ఆట బాగుంది. ఆడితే లేవబుద్ధి కాదు. ఆ ధ్యాసలో పాలు మాడబెట్టాను." కుర్చీ నేల మీదే ఉంది. "ఈ వయసులో నాకే లేవబుద్ధి కాకపోతే పిల్లల సంగతి ఆలోచించుకోవాలి. అందుకని మూసెయ్యమనే నా సలహా. మా గదిని చూసి మొహమాటపడొద్దు. మా కోడలికి అదో కాలక్షేపం. ఇవాళ మూసేస్తే రేపు ఇంకోటి చూసుకుంటుంది."

కుర్చీ లేచింది.

లేచింది జానెడే. కాని హాల్లో ఒక్కరికీ ఊపిరాడలేదు. నిచ్చెన తేవాలా, ఆవిడకి నిచ్చెన తేవడం మర్యాదేనా అని అటెండరు టీ గ్లాసులతో అలాగే నిలబడిపోయాడు.

టీచరమ్మ వంగి కిందికి చూసుకుంది. పాదాలు గాల్లో ఉన్నాయి. ఇంకొకరైతే సిగ్గుతో ముడుచుకుపోయేవారేమో. ఆవిడలో మాత్రం సైన్సు టీచరు లేచి కూర్చుంది. ఒక్కసారి జరిగితే పొరపాటనుకోవచ్చు, మళ్ళీ చేసి చూస్తేగాని నిగ్గు తేలదు.

"మా కోడలికి పనంటే బద్ధకం," అంది మెల్లగా, గాజు గొట్టంలో చుక్క మందు వేసినట్టు. కుర్చీ ఇంకో మూరెడు లేచింది.

"ఒళ్ళు వంగకే పాత ఉద్యోగం మానేసింది." మరో మూరెడు.

"మా కోడలు మొండిది."

కుర్చీ కదల్లేదు. హాలు గొల్లుమంది. వెనక బెంచీలోంచి "అది నిజమే అత్తయ్యా," అని కోడలి గొంతు వినిపించింది.

టీచరమ్మ నవ్వలేదు. అంతవరకు ఎవరితోనూ అనని మాట అంది. "నాతో మాట్లాడ్డం ఆ పిల్లకి ఇష్టం లేదు."

కుర్చీ ఒక్క ఊపున పైకి పోయింది. తల కప్పుకి తగిలింది.

అంత ఎత్తునించి ఆవిడకి అందరి నడినెత్తులూ కనపడ్డాయి. వెనక బెంచీలో కోడలి పాపిట కూడా. ఆ పాపిట పక్క తెల్ల వెంట్రుకలు వచ్చాయి. ఎప్పుడొచ్చాయో. ఒకే వంటింట్లో తిరిగే మనిషి తల అది.

అటెండరు బూజుకర్ర తీసుకుని సగం దూరం వచ్చి, మళ్ళీ వెనక దాచుకున్నాడు. "నిచ్చెన వెయ్యమంటారా అమ్మా?"

"వద్దు నాయనా." ఆవిడ గొంతు సవరించుకుంది. "ఆ పిల్ల సంగతి నాకేమీ తెలీదు."

బావిలోకి బొక్కెన దిగినట్టు కుర్చీ నిదానంగా దిగి నేల తాకింది. టీచరమ్మ లేచి పక్కకు జరిగింది. "తెలియంది అడగాలి. అమ్మాయ్, ఇలా వచ్చి కూర్చో."

కోడలు వచ్చి కూర్చుంది, కొంగు ముడిలో తాళంచెవి పట్టుకుని.

"పాత ఉద్యోగంలో ఏం చేసేదానివి?"

"కొత్త ఆటలు బయటికి రాకముందు ఆడి, ఎక్కడ చెడిపోతున్నాయో చెప్పేదాన్ని అత్తయ్యా. చెవులకి హెడ్‌ఫోన్లు, చుట్టూ అట్ట గోడలు. ఇద్దరాడే ఆట కూడా నేనే ఆడేదాన్ని, ఈ చేత్తో ఒకళ్ళు, ఆ చేత్తో ఒకళ్ళు. గెలిస్తే 'చూశావా!' అని మోచేత్తో పొడవడానికి పక్కన మనిషి ఉండేది కాదు. కొన్నాళ్ళకి నా గొంతు నాకే కొత్తగా వినపడేది. అందుకు మానేశాను."

కుర్చీ కదల్లేదు.

"మీ గది మూసేస్తే ఏమవుతుందమ్మా?" అధ్యక్షురాలు అడిగింది.

"పిల్లలకి మంచో చెడో నాకు తెలీదండి. నా సంగతి తెలుసు. ఆ ఇంట్లో నాకు మాటలు వినపడేది ఆ గదిలోనే. మూసేస్తే మళ్ళీ నేనొక్కదాన్నే."

కుర్చీ నాలుగు కాళ్ళూ నేలకి ఎంత బరువుగా ఆనాయంటే కింద చెక్క కిర్రుమంది. టీచరమ్మ ఆ చప్పుడు విని తల దించుకుంది.

అధ్యక్షురాలు కాగితాలు మూసేసింది. "ఓటు వేసే మెంబర్లు ఒక్కొక్కరే ఆ కుర్చీలో కూర్చుని కారణం చెప్పి వెయ్యండి." ఒక్కరూ లేవలేదు. "అయితే ముందు వెళ్ళి ఆడి రండి. నేనూ వస్తాను. అంతవరకు వాయిదా."

తీర్మానం ఇప్పటికీ మళ్ళీ బల్ల మీదికి రాలేదు. మెంబర్లు వస్తున్నారు, స్టూళ్ళ మీద ఇరుక్కుని కూర్చుంటున్నారు, గాజు పలకలు పగలగొట్టుకుంటున్నారు. అటగారు "మలుపు చూసుకోలేదట" అంటే పిల్లలు ఒప్పుకోలేదు. ఆయన కోసం పాఠంలో ఇంకో వరస చేర్చారు, "అట కూడా చెప్పకూడదు!" అని.

వీధిలో టీలు మాత్రం పాడయ్యాయి. షట్టరు చప్పుడుకి నీళ్ళు పెట్టినవాళ్ళు కిటికీ చప్పుడు కోసం ఎదురుచూస్తూ నిలబడుతున్నారు. నీళ్ళు మరిగి మరిగి ఇంకిపోతున్నాయి.

ఓ సాయంత్రం టీచరమ్మ గాజు ఎప్పుడూ చేరనంత దూరం చేరింది. బండ్లు దాటింది, మెట్లు దాటింది. ఆఖరి సందులో, ఇక నాలుగడుగులున్నాయనగా, ఆవిడ తొందరపడి ముందుకి లాగింది. భళ్ళుమంది.

"చెప్పండి అత్తయ్యా, ఎందుకు పగిలింది?"

పిల్లలు పాఠం ఎత్తుకోడానికి నోళ్ళు తెరిచి సిద్ధంగా ఉన్నారు. టీచరమ్మ తెర వదిలి కోడలి వైపు తిరిగింది.

"వెనక కొస నువ్వు పట్టుకున్నావని మరిచిపోయాను."

పిల్లలు నోళ్ళు మూసుకున్నారు. కోడలు స్టూలు కాస్త ఇవతలికి జరుపుకుంది. "ఇంకోటి ఆడదామా?"

"ఉండు, పైన స్టవ్ ఆర్పి వస్తాను. నేను లేకుండా మొదలుపెట్టకు."