గోరంత కిందకు

తూరు పట్నంలో రంగు పనివాళ్ల వీధి ఎక్కడుందో ఎవరినీ అడగనక్కర్లేదు, ముక్కే దారి చూపిస్తుంది. ఆ కంపులోనే పుట్టి పెరిగిన బత్నోయం నత్తగుల్లను దిమ్మె మీద నిలబెట్టి, ఒక్క దెబ్బతో పగలగొట్టి, లోపలి రంగుతిత్తిని చిట్లకుండా తీసేస్తుంది. ఆ రోజు మాత్రం చెయ్యి సాగడం లేదు. అజ్మిల్కు అనే ఆమె మొగుడు తగరం కోసం పడమటికి ఓడెక్కి మూడేళ్లు. జలసంధి దగ్గరే ఓడ మునిగిందని ఊరు తేల్చేసింది. అన్న పేరు చెక్కించిన రాయి రేపు పాతిస్తానని మరిది షఫత్తు వచ్చి కూర్చున్నాడు. రాయి పాతాక మనిషి పోయినట్టే లెక్క.

అంతలో అబీబాలు వచ్చాడు. అజ్మిల్కుతో ఓడెక్కినవాడే, ఇప్పుడు వేరే ఓడలో ఒంటరిగా దిగాడు. కోతలు కోయడంలో వాడి తర్వాతే ఎవరైనా.

"జలసంధి దాటాం వదినా. అవతల సముద్రం రోజుకు రెండుసార్లు ఒడ్డునొదిలి కనుచూపు మేర వెనక్కి పోయి, మళ్లీ వస్తుంది. అక్కడి రాళ్లకు తగిలి ఓడ పోయింది. అన్నకు కాలు విరిగింది. అక్కడివాళ్లు చూసుకుంటున్నారు. ప్రాణానికి ఢోకా లేదు."

"సముద్రం షికారుకెళ్లి వస్తుందా?" అన్నాడు షఫత్తు. "తగరం ఏదిరా మరి?"

"లేదు. వదినకు చూపించమని ఇదిచ్చాడు."

మొలగుడ్డలోంచి తీసింది పగిలిన చిన్న నత్తగుల్ల.

"కమ్మరి వీధిలో సూదులమ్మినట్టుంది. బయట గుల్లల దిబ్బలో ఏరుకొచ్చావా?" అన్నాడు షఫత్తు.

బత్నోయం గుల్లను వెలుగులో తిప్పింది. ఇక్కడి గుల్లలకుండే ముళ్లు లేవు, పెంకు మందం.

"ఇది మన సముద్రంలోది కాదు," అంది.

"కాకపోవచ్చు. అన్న చేతిదని ఏంటి నమ్మకం వదినా?" షఫత్తు గొంతు తగ్గింది. ఆశపడి ఏడవడం అతనికీ కొత్త కాదు.

ఆమె బొటనవేలు పగులు దగ్గర ఆగింది. దెబ్బ పడాల్సిన చోటుకు గోరంత కింద పడింది. అక్కడ కొడితే తిత్తి చిట్లి రంగంతా గుల్లపాలవుతుంది. ఈ వీధిలో పసివాళ్లు కూడా చెయ్యని తప్పు. పెళ్లైన కొత్తలో సాయం చేస్తానని కూర్చుని అజ్మిల్కు ప్రతి గుల్లనూ అలాగే పాడుచేసేవాడు. ఎన్ని తిట్లు తిన్నా మారలేదు. ఈ గుల్ల అంచంతా ఊదా మరకే.

ఆమెకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి.

"అంత దూరం పోయీ అదే తప్పు," అంది. కళ్లు తుడుచుకుని మరిది వైపు తిరిగింది. "ఆ రాయి బోర్లా వేసి గడప ముందు మెట్టు కట్టించు షఫత్తూ. మీ అన్నకు కాలు బాగోలేదట."